అరచేతి కొలత

ఫ్రిజ్ మెకానిక్ ఐసు బాబాయికి తన అరచేతి మీద ఉన్న నమ్మకం కట్టుకున్న భార్య మీద కూడా లేదు. ఆ మాట ఆవిడే అంటుంది, కాస్త నవ్వుతూ, కాస్త ఉడుక్కుంటూ. పాడైన ఫ్రిజ్ వెనక చతికిలబడి, సన్నటి రాగి గొట్టం కొస కత్తిరించి, బుస్సుమని వచ్చే గ్యాసును ఎడమ అరచేత్తో పట్టేవాడు. చలి ఎంత కొరికితే లోపల అంత గ్యాసు ఉన్నట్టు. మిగిలిందంతా కిటికీలోంచి ఆకాశంలోకి. గాలే కదా, గాల్లో కలిసిందనుకునేవాడు.

ఆ గాలే పైకి పోయి ఓజోన్ పొరను తినేస్తోందనీ, ఎండలోని చెడ్డ కిరణాలకు ఆ పొరే అడ్డమనీ శాస్త్రవేత్తలు తేల్చారు. ప్రభుత్వం పాత గ్యాసు తయారీ ఆపించింది. పాత ఫ్రిజ్‌లలో ఉన్నదాన్ని బయటికి వదలకుండా యంత్రంతో సిలిండర్‌లోకి లాగాలంది. ఆ పని చేసి చూపించి పాసైన వాళ్లకే వచ్చే నెల నుంచి కొత్త గ్యాసు అమ్ముతారు. ఫెయిలైతే బాబాయి దుకాణానికి తాళమే.

పరీక్ష పెట్టింది శిక్షణ కేంద్రంలో పనిచేసే ఆయన మేనకోడలు. ఆమెకు స్పానర్ పట్టుకోవడం నేర్పింది ఈయనే. మొదటిసారి బాబాయి యంత్రం తగిలించాడు, మీటరు చూశాడు, అన్నీ సవ్యంగానే చేశాడు. అంతలో ఎడం చెయ్యి తనంతట తాను వాల్వు తిప్పింది. బుస్సుమంది. అరచెయ్యి అడ్డం పెట్టి, "నిండుగానే ఉందే!" అన్నాడు సంబరంగా.

"మామయ్యా, ఫెయిలు," అంది మేనకోడలు తల దించుకుని.

"అరచేతిలో పట్టినంత గ్యాసుకే?"

"అంతకే. ఇంకొక్క ఛాన్సు ఉంది."

వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. నిజానికి ఆయన కోపం ఆ పిల్ల మీద కాదు. నలభై ఏళ్ల పనితనం ఒక్క కాగితంతో తప్పయిపోయిందే అన్న ఉక్రోషం.

"ఈసారి ఆ ఎడం చెయ్యి జేబులో పెట్టుకోండి," అంది భార్య. "నా మాట ఎలాగూ వినదు, కనీసం జేబులోనైనా పడి ఉంటుంది."

రెండోసారి నిజంగానే జేబులో పెట్టుకున్నాడు. కుడిచేత్తోనే గొట్టాలు బిగించాడు. యంత్రం గురగురలాడింది. చప్పుడు సన్నగిల్లేదాకా వేళ్లు జేబులోనే పిడికిలి బిగించుకుని ఉన్నాయి. బుస లేదు, చలి లేదు.

"పాసయ్యారు మామయ్యా!" మేనకోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆ ఒక్కటీ రాసెయ్యండి. సిలిండర్ బరువు ఎంత పెరిగింది?"

బాబాయి కాటా చూశాడు. నూట ముప్పై గ్రాములు. ఒక సబ్బు బిళ్లంత.

"దీనికి బరువుంటుందా?"

"ఉండదా మరి?"

"ఇదంతా ఒక్క ఫ్రిజ్‌దేనా?"

"ఒక్కదానిదే."

రోజుకు ఒకటి, ఒక్కోసారి రెండు. ఏడాదికి ఎన్నో మనసులో లెక్క మొదలుపెట్టి, నలభైతో హెచ్చవేయబోయి ఆగిపోయాడు. ఎడమ చెయ్యి జేబులోంచి తీసి, అరచెయ్యి తెరిచి, దానివంక చూసుకున్నాడు.

"అమ్మాయ్, ఇన్నాళ్లూ ఇది గాలే అనుకున్నానే," అన్నాడు.