పదకొండుతో పోయే సంఖ్య

ఎనిమిది కోట్ల పదిహేడు లక్షల ఇరవై తొమ్మిది వేల మూడు వందల అరవై రెండు. ఈ సంఖ్య తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అరవయ్యో దశకం చివరి మాట. పై తరగతిలో కాంపోజిట్ అనే పెద్ద లెక్కలు ఎవరికి, జనరల్ అనే తేలిక లెక్కలు ఎవరికి అన్నది మా లెక్కల మాస్టారు తేల్చేవారు. కాంపోజిట్ లేకపోతే కాలేజీలో లెక్కల గ్రూపు ఇవ్వరు. నాకు కావలసింది అదొక్కటే.

మాది పొందూరులో నేత ఇల్లు. మగ్గం మీద పడుగు దారాలు ఒకటి విడిచి ఒకటి పైకి లేవాలి, మిగిలినవి కిందికి దిగాలి. తెగిన దారం అతికేటప్పుడు మా అమ్మ "పైది, కిందిది" అనుకుంటూ వెతికేది. పదకొండో ఎక్కం పలక మీద పొడిగించుకుంటూ పోతూ, అంకెలకూ ఒకటి పైది, పక్కది కిందిది అని అదే వరస పెట్టి చూశాను. పైవన్నీ ఒకపక్క, కిందివన్నీ ఒకపక్క కూడితే రెండూ సమానం కావాలి, లేదా తేడా పదకొండో ఇరవై రెండో రావాలి. అలా వస్తే ఆ సంఖ్య శేషం లేకుండా పదకొండుతో పోతుంది. ఎవరూ చెప్పలేదు, నేనే పట్టుకున్నాను.

మాస్టారు ఆ సంఖ్య బోర్డు మీద వేసి, పదకొండుతో పోతుందా అని అడిగారు. అందరూ భాగహారం మొదలుపెట్టారు.

"పోతాది మాస్టారూ," అన్నాను.

"ఏటే, భాగించకండా సెప్పేస్తన్నావు? సోది సెప్తన్నావేటి?"

"పైవి ముప్పై, కిందివి ఎనిమిది. తేడా ఇరవై రెండు. మగ్గం మీద దారాల్లాగ..."

"మగ్గం లెక్కలు మగ్గం కాడే ఎట్టుకో!"

క్లాసంతా నవ్వింది. ఆయనే భాగించారు. శేషం పది వచ్చింది. నా పేరు పక్కన జనరల్ అని రాసేశారు.

నేను ఊరుకోలేదు. నూట మూడులోంచి తొంభై తొమ్మిది తీసి ఆయన నాలుగుకి బదులు మూడు వేశారు. వేలు పెట్టి చూపించాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"సుద్దముక్క జారింది, అంతే. ఆడపిల్లవి, నీకు జనరల్ సాల్లే."

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ! ఆయన తప్పుని సుద్దముక్క కాపాడింది. నా ఒప్పుని ఏదీ కాపాడలేదు.

జూన్‌లో బడి తెరిచారు. జనరల్ గదికీ కాంపోజిట్ గదికీ మధ్య తడిక ఒకటే. ఓ రోజు అవతలి నుంచి ఆయన గొంతు వినబడింది.

"భాగారం అక్కర్లేదురా. మగ్గం మీద దారాల్లాగ ఒకటి పైకి, ఒకటి కిందికి. సూడండి."

నాకు కోపం ఆగలేదు. "పైవి ముప్పై, కిందివి ఎనిమిది!" అని ఇవతల నుంచి అరిచాను. అల్లరి చేశానని మా టీచరు నన్ను బెంచీ ఎక్కించారు.

బెంచీ ఎక్కితే తడిక పైనుంచి అవతలి బోర్డు కనబడింది. అదే సంఖ్య. కింద, శేషం సున్నా. ఆయన తలెత్తి నన్ను చూశారు. చూసి, బోర్డు తుడిచేశారు.