నల్ల వెల్వెట్ గౌను

ఆదిలక్ష్మి తొమ్మిదేళ్ళుగా ఇంగ్లండులోని బేసింగ్‌స్టోక్‌లో ఒక డ్రైక్లీనింగ్ షాపు వెనకగదిలో కూర్చుని ఊళ్ళోవాళ్ళ ప్యాంట్లు పొట్టి చేస్తోంది. జిప్పులు మారుస్తుంది, చిరిగిన కోట్లకు లైనింగులు వేస్తుంది. ఈ విద్య ఆమెకు ఎవరూ నేర్పలేదు. చీరాలలో ఉన్నప్పుడు పాత జాకెట్ల కుట్లు విప్పి, ముక్కలు నేలమీద పరిచి చూసి, మళ్ళీ కుట్టి తనే నేర్చుకుంది.

సెప్టెంబరులో టౌన్ సెంటర్లోని పెళ్ళిగౌన్ల షాపు అద్దానికి ఒక కాగితం అంటించారు. కత్తిరించడం, కుట్టడం రెండూ వచ్చిన మనిషి కావాలట. ఆదిలక్ష్మి లోపలికి వెళ్ళి అడిగింది. తెల్లజుట్టు యజమానురాలు ఆమెను కిందికీ పైకీ చూసి, “నువ్వు కత్తిరించిన గౌను ఒకటి తెచ్చి చూపించు. నవంబరు మొదటి సోమవారం దాకా చూస్తాను” అంది. ఆదిలక్ష్మి దగ్గర తను కుట్టిన జాకెట్లూ లంగాలూ చాలానే ఉన్నాయి. గౌను మాత్రం ఒక్కటీ లేదు.

అందుకే అక్టోబరు మొదటివారంలో హైమ ఫోన్ చూపిస్తూ వచ్చినప్పుడు ఆమెకు దేవుడే పంపినట్టనిపించింది. హైమ ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేసే గుంటూరు పిల్ల.

“ఆంటీ, హాలోవీన్‌కి మా ఆఫీసులో కాస్ట్యూమ్ పోటీ. ఇదిగో, అచ్చం ఇలా కావాలి. పాతకాలం హాలీవుడ్ హీరోయిన్ దయ్యమై వచ్చినట్టు.”

“దయ్యానికి ఇంత సోకేంటమ్మా?”

“సోకు లేకపోతే ప్రైజెవరిస్తారు ఆంటీ! కొలతలకి నా ఆది జాకెట్టు తెచ్చా.”

ఆదిలక్ష్మి ఫోటోను పెద్దది చేసి చూసింది. భుజాలు లేని నల్ల గౌను. మోకాళ్ళ దాకా ఒంటికి అతుక్కుని, అక్కణ్ణుంచి విచ్చుకుంది.

“జాకెట్టు భుజాల మీద నిలబడుద్ది. దీనికి భుజాలేవి? నడుం దగ్గర పట్టి నిలబెట్టాలి. ఆది జాకెట్టుతో అయ్యే పని కాదు, నువ్వే రెండుసార్లు రావాల. ఇంకో మాట. పార్టీ అయ్యాక సోమవారం గౌను నాకియ్యి. పెళ్ళిగౌన్ల షాపులో చూపించాల.”

“ఒక్కరోజేంటి ఆంటీ, వారం ఉంచుకోండి!”

ముందు పాత దుప్పటితో ఒక గౌను కుట్టింది. హైమకు తొడిగి, వదులైనచోటల్లా గుండుసూదులు గుచ్చింది. హైమ ఫోన్ చూసుకుంటూ నిలబడింది.

“ఊపిరి పీల్చు. వదులు. ఇప్పుడు కూర్చో. కూర్చుంటే జారకూడదు.”

ఆ తర్వాత దుప్పటి గౌను విప్పేసి, ఆ ముక్కలు ఆనించి సుద్దతో సరాసరి వెల్వెట్ మీదే గీసుకుంది. కాగితాల మీద కొలతలు గీసుకునే అలవాటు ఆమెకు ఎప్పుడూ లేదు. వెల్వెట్ నూగు ఒకే దిక్కుకు పడుకోవాలి. ఒక్క ముక్క తిరగబడినా వెలుతురులో అది వేరే గుడ్డలా కనబడుతుంది. అందుకని ప్రతి ముక్కా అరచేత్తో నిమిరి చూసి మరీ కత్తెర పెట్టింది. దుప్పటి మంచి నూలుది, పారేయబుద్ధి కాలేదు. దాన్నే లోపల లైనింగుగా వేసి, గౌను జారకుండా అందులో సన్నటి బద్దలు దోపింది.

భర్త బాలాజీ టీ గ్లాసుతో వచ్చి చూశాడు. “మన పెళ్ళికి కూడా నువ్విన్ని తిప్పలు పడలా.”

“మన పెళ్ళికి పోటీ లేదుగా” అంది తలెత్తకుండా.

హైమకు మొదటి బహుమతి వచ్చింది. సోమవారం పొద్దున్నే గౌను తెచ్చిచ్చి, “ఆల్ ది బెస్ట్ ఆంటీ” అని, ఆ రోజు ఇంటినుంచే ఆఫీసు పని కాబట్టి వెనక్కి ఇంటికి వెళ్ళిపోయింది.

షాపులో యజమానురాలు గౌను తిరగేసి చాలాసేపు కుట్లు చూసింది. మళ్ళీ మంచివైపుకు తిప్పాక ఆమె ముఖం మారింది.

“దీన్ని నేను చూశాను” అంటూ ఫోన్ తీసింది. ఊరివాళ్ళ ఫేస్‌బుక్ పేజీలో హైమ, ముఖానికి తెల్లపౌడరు, చేతిలో ప్రైజు కప్పు. సొంతంగా చేసుకున్న కాస్ట్యూముల్లో మొదటి బహుమతి. మూడు వారాలు తనే కత్తిరించి తనే కుట్టుకుందని కింద రాసి ఉంది.

“ఐ కట్. ఐ స్టిచ్” అంది ఆదిలక్ష్మి.

ఆవిడ కసురుకోలేదు. కొలతల కాగితాలు ఉన్నాయా అని అడిగింది. లేవు. ముందుగా కుట్టి చూసుకున్న గౌను ఉందా? అది విప్పి లైనింగుగా వేశానని చెప్పడానికి ఆదిలక్ష్మికి ఇంగ్లీషు చాలలేదు. లోపలి గుడ్డ పట్టుకుని చూపించింది. ఆవిడకు అది లైనింగులాగే కనబడింది.

“నీ కుట్టు బాగుంది. కత్తిరించింది కూడా నువ్వేనని ఆ అమ్మాయి ఫోన్ చేసి చెబితే చాలు. ఐదింటి దాకా ఇక్కడే ఉంటాను.”

ఆదిలక్ష్మి డ్రైక్లీనింగ్ షాపులో డ్యూటీ ముగించుకుని, గౌను తీసుకుని నాలుగున్నరకు హైమ ఇంటికి చేరింది. జరిగింది చెప్పింది.

“అయ్యో ఆంటీ, ఏదో ఫ్లోలో అనేశా. ఇప్పుడు కాదంటే మా మేనేజర్ ముందు నా పరువేంకావాలి?”

“నా పని నాదంటే నీ పరువెందుకు పోద్దమ్మా?”

“ఐడియా నాదే కదా ఆంటీ. ఫోటో వెతికింది నేను, గ్లవ్స్ కొన్నది నేను, మేకప్ నేను. మీరు కుట్టారు, అంతే. క్రిస్మస్ పార్టీ డ్రెస్ కూడా మీకే ఇస్తా, అందరికీ మీ గురించే చెప్తా.”

“ఏమని చెప్తావ్?”

అంతలో లోపల లాప్‌టాప్ మోగింది. “మీటింగ్ ఆంటీ, ఒక్క నిమిషం” అని గదిలోకి వెళ్ళింది.

ఆదిలక్ష్మి వీధితలుపు లోపలి నడవలో నిలబడింది. నిమిషం పదిహేను నిమిషాలయింది. లోపలినుంచి హైమ ఇంగ్లీషులో నవ్వుతూ మాట్లాడడం వినబడుతోంది. మూడు వారాలు సూది పట్టుకుని వేళ్ళు వాచిపోయాయట. ఆ మాత్రం ఇంగ్లీషు ఆదిలక్ష్మికి అర్థమవుతుంది.

ఆమె సంచిలో కత్తెర ఉంది. చెయ్యి దాని దాకా వెళ్ళి, వెనక్కి వచ్చింది. గౌనును హ్యాంగరుకు తొడిగి, మడతలు పడకుండా సర్ది, తలుపు పక్కన కొక్కేనికి తగిలించింది. ఐదు కావస్తోంది. తలుపు చప్పుడు కాకుండా మూసి, ఇంటికెళ్ళే బస్‌స్టాపు వైపు నడిచింది.