పూజలో కూర్చున్న లాగ్ మెషిన్

బెంగుళూరు బెళ్ళందూరులో ఒక ఆఫీసు మొత్తాన్ని పట్టపగలు పీక పిసికి చంపినవాడు నాకు తెలిసి ఒక్కడే: మా హిందూపురం వెంకటరమణ. కత్తి లేదు, కట్టె లేదు. ఒక కమాండు కొట్టి పులిహోర తినడానికి వచ్చి కూర్చున్నాడంతే.

రెండువేల నాలుగు దసరా అది. ఆ ఆఫీసులో నేను వైర్లు లాగేవాణ్ణి, వాడు నెట్‌వర్కు చూసే కాంట్రాక్టు మనిషి. లండన్ వాళ్ళ విమాన టిక్కెట్లు మా లైను మీదే నడిచేవి. మధ్యలో కొన్ని మాయమౌతున్నాయని గోల. అవి ఎక్కడ మాయమౌతున్నాయో పట్టుకుంటే వాడికి పర్మనెంటు ఉద్యోగం. అందుకే పండగ పొద్దున ఎవరికీ చెప్పకుండా, మా నెట్‌వర్కుకు గేటులాంటి ఫైర్‌వాల్‌లో ట్రేస్ పెట్టాడు. గేటు దాటే ప్రతి ముక్కనూ అది రాసుకుంటుంది. ఆ రాత పక్కనున్న లాగ్ మెషిన్‌కు పోవాలి. అది అందకపోతే ఫైర్‌వాల్ తన సొంత డిస్కులో రాసుకుంటుంది. అరచేయంత డిస్కు. అది నిండిందా, రాయకుండా ఎవర్నీ దాటనివ్వనని గేటు మూసేస్తుంది. అట్లా కట్టిన పెట్టె.

మేనేజరు వెంకటగిరియప్ప ఆ పెట్టె ఉన్న సర్వర్ రూముకు కుంకుమ పెట్టించి, గుమ్మంలో బూడిదగుమ్మడికాయ కొట్టించి, బీగం వేసి, తాళంచెవి దేవుడి పటం కింద పెట్టేశాడు. ఆయుధ పూజయ్యాక పనిముట్టును తెల్లారేదాకా ముట్టరాదు.

పులిహోర నోట్లో పెట్టుకోబోతూ వెంకటరమణ పూజబల్ల వైపు చూశాడు. చెయ్యి ఆగిపోయింది. చివర్న చామంతి దండ వేసుకుని లాగ్ మెషిన్ కూర్చోనుంది. దాని వైరు నేలకు వేలాడుతోంది.

"దీన్ని ఎవరు తెచ్చినారు సార్?"

"నేనే తెప్పిస్తిని," అన్నాడు మేనేజరు. " యాడాదంతా మనకోసం రాసింది పాపం, దానికి మాత్రం పూజ వద్దేనప్పా?"

"సార్, బీగంచెవి ఇస్తారా? ఒక్క నిమిషం."

"ఏం పని?"

"ఊరికే, సార్."

"ఊరికేకి రేపు చూడప్పా."

"ఏం దొరా, దేవుడికీ ట్రేస్ పెడతావా?" అన్నాను నేను. వాడు నవ్వలేదు. మూసిన తలుపునే చూస్తున్నాడు. దాని వెనక సన్నగా హోరు. లోపల డిస్కు నిండుతూనే ఉంది. లండన్‌లో పండగ లేదు కదా.

కాసేపటికి, లైను పడిపోయిందని లండన్ నుంచి ఒక ఫోను మోగింది. తర్వాత అన్నీ మోగాయి.

అప్పుడు వెంకటరమణ సింహంలా లేచాడు! ఒక్క తన్నుకు టేకు తలుపు గొళ్ళేలతో సహా అవతల పడింది. ట్రేస్ ఆపేసి, మేనేజరు మొహాన చామంతి దండ విసిరి, "నీ పర్మనెంటు నువ్వే పెట్టుకో" అని దిగి వెళ్ళిపోయాడు. రింగు రోడ్డు మీద ట్రాఫిక్కే ఆగింది.

మొన్న హెచ్‌ఎస్‌ఆర్‌ లేఔట్‌లో టీ తాగుతూ ఇదంతా వాడి ముందే చెప్పాను. వాడు గ్లాసు కింద పెట్టాడు.

"తలుపు తన్నలా. బీగంచెవి రెండోసారి అడగను కూడా అడగలా. ఎందుకని అడిగితే ట్రేస్ పెట్టింది నేనేనని చెప్పాల్సొస్తాదని కుర్చీలో కూచోనుంటి. మర్నాడు ట్రేస్ చూసి వాళ్ళే పిలిచి, పనిలోంచి పొమ్మనిరి."