పెద్ద స్పీకర్లు, ఉచిత ఫిట్టింగు

స్పీకర్ల ఫిట్టింగ్ చార్జీని బేరమాడి సున్నాకు దించిన మొనగాడు రాయదుర్గంలో ఎవరయ్యా అంటే, నేనే. అంగట్లో పుట్టి, తక్కెడ పక్కన పాకి పెరిగినవాణ్ణి మరి! ఆ ఒక్క గెలుపుతో నా స్టీలు సామాన్ల అంగడి ఎలా కుప్పకూలిందో చెబుతాను. నవ్వుకోండి, దానికీ చార్జీ లేదు.

అంతటికీ మూలం మా తోడల్లుడు శేఖర్. ఇదే ఊళ్లో జీన్స్ కుట్టే యూనిట్ నడుపుతాడు. వాడు కొన్న రెండు బుల్లి స్పీకర్లకు, ఒక చిన్న సబ్ వూఫర్ పెట్టెకు మా మామ మనసిచ్చేశాడు. ఆయనకు నాటక పద్యాలంటే ప్రాణం. ప్రతి ఆదివారం కణేకల్ బస్సు దిగి, నా గడప ముందు నుంచే నడిచి, పెద్దల్లుణ్ణయిన నన్ను "ఏమప్పా, బాగుండావా?" అని పలకరించి, జవాబు వినకుండానే చిన్నల్లుడింటికి పోయేవాడు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. తోడల్లుడింటి పద్యం ముందు మా ఇంటి పూర్ణం ఓళిగలు కూడా చప్పబడిపోయాయి.

నా కడుపు సున్నపు బట్టీలా మండింది. అనంతపురం పోయి, వాడి వూఫర్‌కు రెండింతలున్న వూఫర్, వాడి స్పీకర్లకన్నా నాలుగు వేళ్లు ఎత్తున్న స్పీకర్లు, వాటిని పాడించే ఆంప్లిఫయర్ మెషీన్ ఏరాను.

"మా మనిషొచ్చి రూముకు తగినట్టు సెట్ చేస్తాడన్నా. దానికి చార్జి వేరే" అన్నాడు అంగడాయన.

"తీగ గుచ్చేదానికి దుడ్లా? నాకు చేతుల్లేవా?"

"తీగ కాదన్నా. స్పీకర్లు చిన్నవని మెషీన్‌కు చెప్పల్ల. అప్పుడు దమదమమనే బరువు సౌండంతా వూఫర్ మోస్తాది, స్పీకర్లు తేలిగ్గా పాడతాయి."

"ఇంతేనా? ఈ మాత్రం నేను చెప్పలేనా మెషీన్‌కు? కొట్టేయ్ ఆ చార్జి!"

కొట్టేశాడు. పులిని చూసి నక్క వాతలు పెట్టుకుందంటారు. ఈ నక్క వాతలు పెట్టే కూలి కూడా మిగుల్చుకుని, తన వాతలు తానే పెట్టుకుంది.

ఇంట్లో తీగలు కలపగానే మెషీన్ టీవీ మీద ప్రశ్న వేసింది: స్పీకర్లు చిన్నవా, పెద్దవా?

"చిన్నవని పెట్టమన్యాడంటివి గదా?" అంది నా భార్య సరోజ.

"చిన్నవి శేఖర్‌వి. మనవి చిన్నవని నా చేత్తో నేనే ఒప్పుకోవల్లనా?" 'పెద్దవి' నొక్కాను.

బరువు శబ్దం వూఫర్‌కు మాత్రమేనా, స్పీకర్లకు కూడానా? అందరికీ! నా అంగట్లో కూచుని తినేవాడు ఎవడూ లేడు. ఏ నంబరు దాకా వూఫర్ మోయాలి? అన్నిటికన్నా పెద్ద నంబరు దాకా. అంత నంబరు పెడితే మనిషి గొంతు కూడా వూఫర్‌లోంచే వస్తుందని నాకేం తెలుసు? ఇక వూఫర్ వెనక మోత పెంచే నాబ్.

"సగం తిప్పితే సాలదా?" అంది సరోజ.

"దుడ్లు నాబ్ అంతటికీ ఇచ్చినా. సగం అంగడాయనకు దానం జేయల్నా?"

చివరికంటా తిప్పాను. మూల పెడితే మోత ఎక్కువని ఎవరో అంటే మూలకే నెట్టాను. ఆ గోడ అవతలే, పాఠకులారా, నా అంగడి.

ఆదివారం మామను బస్టాండు నుంచే పట్టుకొచ్చాను. శేఖర్‌నూ పిలిచాను, వాడి ముఖం మాడుతుంటే కళ్లారా చూద్దామని. పద్యం అందుకుంది. పాడేవాడు మన ఎదురుగా ఉండాలా వద్దా? వాడు మూలన కాగులో తల దూర్చి పాడుతున్నాడు! మోయలేని బరువు నెత్తిన పడి స్పీకర్లు గరగరమన్నాయి.

"ఏమప్పా, ఈయప్పకు పడిశం పట్టిందా?" అన్నాడు మామ.

"సౌండు సాల్లేదు మామా" అని ఇంకా పెంచాను.

గోడ అవతల అంగట్లో ముందు గరిటెలు వణికాయి. చెంబులు తాళమందుకున్నాయి. గంగాళం గొంతు కలిపింది. ఆఖరున ఇడ్లీ పాత్రల గోపురం నేలకొరిగింది. వీధి జనం పరుగెత్తుకొచ్చారు.

"భూకంపమా అక్కా?"

"కాదప్పా, పద్యం" అంది సరోజ.

శేఖర్ నవ్వలేదు. నవ్వినా తట్టుకునేవాణ్ణి. "కోప్పడాకన్నా, నేను సూస్తా" అంటూ లేచాడు. వూఫర్‌ను మూల నుంచి ఈవలికి లాగాడు. 'చిన్నవి' నొక్కాడు, నా గొంతు నొక్కినట్టయింది. బరువంతా వూఫర్‌కు అప్పగించి, నంబరు దించి, పద్యం వింటూ నాబ్‌ను కొంచెం కొంచెంగా వెనక్కి తిప్పాడు. పాడేవాడు కాగులోంచి తల తీసి, వచ్చి మామ ఎదుట నిలబడ్డాడు. వూఫర్ ఎక్కడుందో చెవికి తెలియనే లేదు.

మామ కళ్లు తుడుచుకున్నాడు. "శేఖరా, నీ చెయ్యి పడితే స్టీలంగడి గూడా పాడతాది గదప్పా!"

అప్పటినుంచి మామ ప్రతి ఆదివారం నా ఇంట్లోనే దిగుతున్నాడు. వెంట శేఖర్‌నూ పిలిపిస్తాడు, సెట్టింగు చెదిరిందేమో చూసిపొమ్మని. మధ్యాహ్నం దాకా చూస్తాడు వాడు, భోజనం వేళకు బాగుందంటాడు.

అందుచేత సొట్టపడిన ఇడ్లీ పాత్ర మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఫిట్టింగ్ చార్జీ దగ్గర బేరమాడను. ఆడినా సగానికి మించి తగ్గించను.

చివరి బిల్లు, దొంగ తూకం లేకుండా: స్పీకర్లు, వూఫర్, మెషీన్ నా ఖర్చు. సొట్టలు పడి సగం ధరకు పోయిన సామాన్లు నా ఖర్చు. వారం వారం ఓళిగలు నా ఖర్చు. మిగుల్చుకున్న ఫిట్టింగ్ చార్జీ నాకు జమ. మామ మెచ్చుకోలు మొత్తం శేఖర్‌కు జమ.