ఉత్త నీళ్ళ పళ్ళెం

దయ్యాల సంగతి అలా ఉంచండి, నేను మనుషులనే తేలిగ్గా నమ్మను. కడిగిన గాజు సామాను మళ్ళీ కడిగించే రకం.

పంతొమ్మిదివందల అరవైల్లో నందిగామలో ఒక చిన్న పరీక్షశాలలో పనిచేసేవాణ్ణి. ఒక వేసవిలో మున్నేటి ఒడ్డు ఊళ్ళో పెళ్ళిభోజనం తిన్నవాళ్ళకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. పెళ్ళికూతురి చెల్లెలు, చిన్నపిల్ల, చనిపోయింది. నింద జగ్గయ్యపేటలో కోవా అమ్ముకునే, ఆ పెళ్ళికీ కోవా ఇచ్చిన సుబ్బమ్మ మీద పడింది. కోవా చెడ్డదని తేలితే ఆమెకు జైలే. మిగిలిన కోవా నా దగ్గరికి పంపారు.

గట్టి పదార్థంలో క్రిములను నేరుగా లెక్కపెట్టలేం. కాస్త తూచి, మరగకాచి చల్లార్చిన నీళ్ళతో నూరి, పదింతలు, మళ్ళీ పదింతలు పలచన చేసి, క్రిములకు మేతగా జిగురు పోసిన గాజు పళ్ళేల్లో వేస్తాం. వెచ్చటి పెట్టెలో ఉంచితే క్రిమి ఉన్నచోట చుక్క మొలుస్తుంది. చుక్కలు లెక్కపెట్టి, పలచన చేసినన్ని రెట్లు వెనక్కి గుణించాలి. పక్కన కోవా కలపని ఉత్త నీళ్ళ పళ్ళెం ఒకటి పెడతాం. అందులో ఏమీ మొలవకూడదు. మొలిస్తే పరీక్ష చెల్లదు.

కోవా పళ్ళేల్లో చుక్కలు అక్కడక్కడే ఉన్నాయి. ఉత్త నీళ్ళ పళ్ళెం మాత్రం నిండా మొలిచింది. అడుగున సన్నటి ఇసుక. అన్నిటిలో పోసింది ఒకే సీసా నీళ్ళు.

పరీక్ష చెడగొట్టమని సుబ్బమ్మ తరఫువాళ్ళు మా అటెండరు దానియేలు చేయి తడిపారనుకున్నాను. అడిగేశాను కూడా.

"నేనసలు గదిలోకే రాలేదండి," అని మొహం చిన్నబుచ్చుకున్నాడు.

రెండోసారి నీళ్ళు నేనే వడకట్టి కాచాను. పెట్టెకు తాళం వేసి, చెవి మొలతాడుకు కట్టుకున్నాను. మళ్ళీ అంతే. మళ్ళీ ఇసుక.

ఇసుక చూసి ఏటి నీళ్ళు గుర్తొచ్చి, పెళ్ళివారింటికి వెళ్ళి, పెళ్ళిలో వాడిన నీళ్ళు ఎక్కడివని అడిగాను.

"ఏట్లో చెలమవేనండి. చెలమ నీళ్ళకేమవుద్ది?" అన్నాడు పిల్ల తండ్రి.

మా వైపు ఏటి ఇసుకలో గుంట తవ్వి తోడిన నీళ్ళను ఎవరూ శంకించరు. అప్పటిదాకా నాకూ తట్టలేదు. ఆ నీళ్ళు తెచ్చి పరీక్షించాను. లెక్కకు అందనన్ని చుక్కలు. మునుపు ఉత్త నీళ్ళ పళ్ళెంలో మొలిచిన చుక్కల రంగే, ఆ వాసనే. ఈసారి ఉత్త నీళ్ళ పళ్ళెంలో ఏమీ లేదు. ఆ తరవాత ఎన్నడూ అలా మొలవలేదు.

సుబ్బమ్మను వదిలేశారు. దణ్ణం పెట్టడానికి వచ్చింది.

"నేను కోవానే పట్టుకుని కూర్చున్నానమ్మా. నీళ్ళ సంగతి చూపించింది నేను కాదు," అన్నాను.

"మరెవరు బాబూ?"

పెళ్ళివారింట్లో విన్న మాట ఒక్కటే చెప్పాను. చనిపోయిన ఆ పిల్ల చివరిదాకా దాహమని ఏడిచిందట. అడిగినప్పుడల్లా ఆ చెలమ నీళ్ళే పోశారట.