వాల్తేరు స్టేషన్‌లో క్యారియర్

పదమూడేళ్లుగా ఒక తప్పు నా మెడకు చుట్టుకుని ఉంది. మా ఆవిడకు కూడా తెలియదు. మీకు చెబుతున్నాను. నవ్వొస్తే నవ్వండి. నేనూ చాలాసార్లు నవ్వుకున్నాను, నవ్విన ప్రతిసారీ సిగ్గుతో చచ్చిపోయాను.

మా అత్త కొడుకు సూరిబాబు బావ బాంబర్ విమానం నడిపేవాడు. యుద్ధంలో విమానం అంటుకుంటే, తోటివాడు పారాచూట్‌తో దూకేదాకా దాన్ని అదుపు తప్పకుండా పట్టుకున్నాడు. ఆ తోటివాడు బతికాడు. బావ రాలేదు. పతకం వచ్చింది. పెందుర్తిలో అత్త ఇంట్లో ఫొటో పక్కనే ఉంది.

ఆ యుద్ధానికి వెళుతూ బావ మద్రాసు నుంచి రైల్లో వాల్తేరు మీదుగా వెళ్లాడు. స్టేషన్‌కు రాలేనంత జ్వరం అత్తకు. ఆ జ్వరంతోనే వంజరం చేపల పులుసు వండి, అన్నంతో సహా క్యారియర్‌లో పెట్టి నన్ను పంపింది. రైలు మూడు గంటలు లేటు. ఊరికే వాసన చూద్దామని మూత తీశాను. ఒక్క ముక్క తింటే ఏం పోతుంది? తోక ముక్క ఎవరికి కావాలి? ఇలా ఒక్కో ముక్కకూ ఒక్కో న్యాయం చెప్పుకుంటూ కూర్చుంటే, రైలు కూత వినబడేసరికి గిన్నెలో ఒక పచ్చిమిరపకాయ మిగిలింది. క్యారియర్‌ను బెంచీ కిందకు తోసేశాను.

బావ దిగుతూనే కౌగిలించుకున్నాడు.

"అమ్మ ఏటైనా పంపిందేటి బావా?"

"లేదు బావా. జొరం కదా, పొయ్యి కాడికే ఎల్లలేదు."

అతని ముఖం చిన్నబోయింది. అంతలోనే నవ్వేశాడు. "పోన్లే, తిరిగొచ్చినాక తింతాను. నువ్వేటైనా తిన్నావా? మొకం పీక్కుపోయింది" అని తన పూరీల పొట్లం నా చేతిలో పెట్టాడు.

అవి కూడా తిన్నాను. ఇంతకంటే ఏం చెప్పను?

అత్తతో మాత్రం బావ గిన్నె నాకేశాడని చెప్పాను. ఆ తర్వాత అతను లేడన్న కబురొచ్చింది. ఇక నా అబద్ధమే ఆవిడకు ఆసరా అయింది. ఏటా బావ పోయిన రోజున ఆ పులుసే వండి, ఫొటో ముందు ఆకులో పెట్టి, తర్వాత ఆ ఆకు నా ముందుకు జరుపుతుంది. నేను వద్దనను. ఆవిడను ఓదారుస్తున్నానా, నన్ను నేను కాపాడుకుంటున్నానా? నా బావ ఆకలితో, అమ్మకు జ్వరమన్న బెంగతో రైలెక్కాడని తెలిసీ ఎలా మింగుడుపడుతోంది నాకు? పడుతోంది మరి. అత్త చేతి వంట అలాంటిది.

మొన్న వడ్డిస్తూ అడిగింది.

"ఒరే, ఆ రోజు జొరంలో ఉప్పు సూడకుండా వండీసినాను. సరిపోయిందన్నాడేట్రా?"

"సరిపోయిందత్తా. పులుపు కూడా."

మురిసిపోయి ఇంకో ముక్క వేసింది.

ఆవిడకు చెప్పే ధైర్యం నాకు లేదు. మీకు చెప్పాక మాత్రం ప్రాణం కాస్త తేలికపడింది. ఉప్పు సరిపోయిన మాట నిజం. ఆ సంగతి బావకు తెలియదు. తిన్నది నేను.