సామాన్ల గదిలో కరివేపాకు

రత్నకుమార్ ఆకు కనిపిస్తే తిప్పి చూస్తాడు. సూపర్ మార్కెట్లో పుదీనా కుండీ కొనేముందు ఒక ఆకు వెనక్కి వంచుతాడు. పళ్ల డాక్టరు దగ్గర వెయిటింగ్ గదిలో రబ్బరు మొక్క ఉంది. దాని ఆకూ తిప్పాడు, రిసెప్షన్‌లో అమ్మాయి చూస్తుండగానే. బొటనవేలు పైన, చూపుడువేలు కింద, కంటిరెప్ప తిప్పినంత మెల్లగా. చూస్తాడు. వదిలేస్తాడు. దవడ మాత్రం బిగుస్తుంది.

ఈ అలవాటు పోయిన చలికాలం వచ్చింది. అంతకు ముందు అతనికి మొక్కల గురించి ఏమీ తెలియదు.

సొంతూరు నరసాపురం. ఉండేది మ్యూనిక్ శివార్లలో, ఎస్-బాన్ లోకల్ రైలు లైను చివర, రెండు గదుల అద్దె ఇంట్లో. కారు తలుపుల రబ్బరు అంచుల్లోంచి నీళ్లు లోపలికి వస్తాయేమో పరీక్షించే ఉద్యోగం. భార్య హెప్సీ క్లినిక్‌లో నర్సు. పిల్లలు లేరు. ఆదివారాలు ఒక అద్దె హాల్లో తెలుగువాళ్ల ప్రార్థన కూడిక. రత్నకుమార్ కాదనడని ఆ కూడికలో అందరికీ తెలుసు. మ్యూనిక్‌లో కొత్తగా దిగిన తెలుగు కుర్రాళ్లు చాలామంది మొదటి వారం అతని సోఫా మీద గడిపినవాళ్లే. ఆన్‌మెల్డుంగ్‌కు, అంటే ఆఫీసులో చిరునామా నమోదుకు, తోడు వెళ్లేది అతనే. కీబోర్డు మోసేది అతనే. ఇల్లు మారేవాళ్ల బీరువా రెండో చివర పట్టుకునేది అతనే. అందరూ తమ్ముడూ అంటారు. తమ్ముడికి పని చెప్పడానికి అనుమతి అక్కర్లేదు.

ఆ ఇంట్లో కిటికీ లేని సామాన్ల గది ఒకటి ఉంది. సూట్‌కేసులన్నీ కింద నేలమాళిగలోని కెల్లర్‌లోకి దించి, ఆ గదిలో ఒక లైటు వేలాడదీసి, మూడు గంజాయి మొక్కలు పెట్టాడు. మూడు పెంచుకోవచ్చని ఆ దేశంలో చట్టం వచ్చింది. విత్తనాలు పోస్టులో తెప్పించాడు. పిల్లల చేతికి అందకుండా ఉంచాలని చట్టంలోనే ఉంది కాబట్టి, పిల్లలు లేని ఇంట్లో తలుపుకు తాళం పెట్టాడు. తాళంచెవి తన జేబులో.

ఎందుకని హెప్సీ అడిగింది. చట్టం ఒప్పుకుందన్నాడు. చట్టం చాలావాటికి ఒప్పుకుంటుంది, అన్నీ చేస్తున్నారా అని అడిగింది. అతను మందు తాగడు, సిగరెట్టు ముట్టలేదు. ఆ గంజాయి కాల్చాలన్న ఆత్రం కూడా లేదు. పెంచాలని ఉంది, అంతే. ఎవర్నీ అడక్కుండా, ఎవరి కోసమూ కాకుండా ఒక పని. ఆ తలుపు అవతల అతను ఎవరికీ తమ్ముడు కాడు. ఇంత మాట హెప్సీతో ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నాడు. ఆమె మళ్లీ అడగలేదు.

నవంబరులో ఏసుకుమారి అక్క వచ్చింది. గుంటూరావిడ. కూడికలో స్త్రీల ప్రార్థన నడిపేది ఆమే. చేతుల్లో పెద్ద కుండీ, అందులో నడుమెత్తు కరివేప మొక్క. ఎస్-బాన్‌లో చలి తగలకుండా దానికి తన పాత నైటీ తొడిగి తెచ్చింది. ఆ మొక్క పిలకలు మ్యూనిక్‌లో తెలుగువాళ్ల ఇళ్లన్నిట్లో ఉన్నాయి. అక్కడి పప్పుల్లో సగానికి పోపు దాని వంశానిదే.

"వందనాలు తమ్ముడూ. నీ దగ్గర మొక్కల లైటుందంటగా. కొత్తిమీర పెంచుతున్నావంట, హెప్సీ చెప్పింది."

రత్నకుమార్ హెప్సీ వైపు చూశాడు. హెప్సీ వంటింటి వైపు చూసింది. వసారాలో పడి ఉన్న లైటు పెట్టె ఎవరో చూసి అడిగితే హెప్సీ నోటికొచ్చిన అబద్ధం అది.

ఆకుల మీద పసుపు చుక్కలున్నాయి. సూదితో గుచ్చినట్టు, సన్నగా, లెక్కలేనన్ని. చలికి అలా అయిందని, మార్చి దాకా వెచ్చగా లైటు కింద ఉంటే లేచి కూర్చుంటుందని ఏసుకుమారి చెప్పింది. లైటు ఎలా ఉందో చూస్తానంది. గది సర్దలేదని ఆపి, కుండీ అందుకున్నాడు. కాదనాలంటే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెప్పాలంటే గదిలో ఇంకేం ఉందో చెప్పాలి. చట్టానికి చెప్పొచ్చు. ఏసుకుమారి అక్కకు ఎలా చెప్పడం.

ఆమె వెళ్లాక తాళం తీసి, గంజాయి మొక్కల పక్కన కరివేప పెట్టాడు. మళ్లీ తాళం వేశాడు. కానీ ఆ గదిలోకి మనిషి వచ్చినట్టే ఉంది. ఆమె ఫోటోలు అడిగేది. ప్రతిసారీ కుండీని హాల్లోకి మోసుకొచ్చి, సోఫా పక్కన పెట్టి, ఫోటో తీసి పంపి, మళ్లీ లోపల పెట్టేవాడు.

క్రిస్మస్ ముందు గంజాయి మొక్కలు పూతకొచ్చాయి. అప్పుడే వాటి ఆకుల మీదా పసుపు చుక్కలు కనిపించాయి. ఆకలి అనుకున్నాడు. ఎరువు ఎక్కువ పోశాడు. చుక్కలు కలిసిపోయి ఆకులు బూడిదరంగుకు తిరిగాయి. ఇంకా పోశాడు. కొసలు మాడాయి. ఒక పొద్దున ఒక కొమ్మ చివర సన్నటి దారాలు మెరిశాయి. తెర మీద తెర, పొగ గడ్డకట్టినట్టు. ఆ దారాల మీద ఏదో నడుస్తోంది.

ల్యాబ్‌లో రబ్బరు పగుళ్లు చూసే భూతద్దం ఇంటికి తెచ్చాడు. ఆకు తిప్పాడు.

ఆకు పైన ఏమీ లేదు. ఉన్నదంతా కిందే. పాలిపోయిన ఒళ్లు, రెండు పక్కలా చెరో నల్ల మచ్చ, ఎనిమిది కాళ్లు. గాజుపూసల్లాంటి గుడ్లు. విడిచేసిన తోళ్లు. సాలీడు జాతి పురుగు. మన దగ్గర మిరప రైతులు నల్లి అంటారు. హీటరు వేసిన పొడి గాలి దానికి పండగ. అతను గది తలుపు వేసి, తాళం పెట్టి, దాని కోసమే వెచ్చగా ఉంచాడు.

కోపం అక్కడ మొదలైంది. మొదట తన మీదే. ఇన్నాళ్లూ ఆకులు పైనుంచి చూసి మురిసిపోయిన తన కళ్ల మీద.

పూత మీద మందు కొట్టకూడదని చదివాడు. వేపనూనె కూడా వద్దన్నారు. ఈ నల్లిని తినే ఇంకో రకం నల్లి ఉందని, దాన్ని సంచుల్లో పెట్టి అమ్ముతారని తెలిసింది. రౌబ్‌మిల్బెన్, వేటాడే నల్లులు. తెప్పించాడు. పొట్టులాంటి దానిలో కలిపి వచ్చాయి. ఆకుల మీద చల్లాడు. ఓపిక పట్టాలని సంచి మీద రాసి ఉంది. పట్టాడు. భూతద్దంలో చూశాడు. గుడ్లు అలాగే ఉన్నాయి. ఇంకొక రోజు పట్టాడు. తెర ఇంకో కొమ్మకు పాకింది. ఆ పొద్దున ఒళ్లు మండిపోయి, గిన్నెలు తోమే సబ్బు నీళ్లలో కలిపి, మొక్కలన్నిటి మీదా కింద నుంచి పై నుంచి కొట్టాడు, చెయ్యి నొప్పెట్టేదాకా. సబ్బు ఏ నల్లి ఎవరిదని అడగదు.

హెప్సీ గుమ్మంలో నిలబడి చూసింది.

"పిలిపించుకున్న పోలీసుల్ని కూడా మీరే చంపేశారు" అంది.

అతను సబ్బునీళ్ల సీసా నేలకేసి కొట్టాడు. పెళ్లయ్యాక అతను ఒక వస్తువు విసరడం ఆమె చూడ్డం అదే మొదలు. ఆమె తడిగుడ్డ తెచ్చి నేల తుడిచింది. తుడుస్తూ, ఈ పురుగులు ఎక్కణ్నుంచి వచ్చాయని అడిగింది. అంతదాకా అతనికి ఆ ప్రశ్న తట్టలేదు.

కరివేప కింది కొమ్మల్లో పాత తెర ఉంది. దుమ్ము పట్టి, ఎండి, పొరలు పొరలుగా. గంజాయి మీది తెర నిన్నటిది. ఇది వేసవినాటిది, ఏసుకుమారి బాల్కనీలో అల్లుకున్నది.

అతను ఫోన్ చేశాడు. మొక్క తీసుకెళ్లమన్నాడు. ఎందుకని ఆమె అడిగితే వచ్చాక చెబుతానన్నాడు. శనివారం మధ్యాహ్నం వచ్చింది. అతను తాళం తీసి తలుపు బార్లా తెరిచాడు. ఆ గదిలోకి ఒకర్ని రమ్మనడం అదే మొదటిసారి.

"అక్కా, ఇవి గంజాయి మొక్కలు. చట్టం ఒప్పుకుంటుంది. నేను చెప్పేది అది కాదు. మీ మొక్కకి నల్లి ఉంది. వీటికి అంటుకుంది."

ఆమె ఆ మూడింటి వైపూ చూసింది. ముక్కుకు పైట అడ్డం పెట్టుకుంది. తరవాత తన మొక్క దగ్గరికి వెళ్లి రాలిన ఆకులు ఏరింది.

"నీ వాటి నుంచే నా దానికి అంటింది తమ్ముడూ. అట్లాంటివి పక్కన పెడితే ఏ మొక్క బతుకుద్ది?"

అతను ఆకు తిప్పి, పాత తెర చూపించి, భూతద్దం అందించాడు. ఆమె తీసుకోలేదు. చూడాల్సిన అవసరం లేదంది.

"పురుక్కి మంచీ చెడూ తెలీదక్కా."

"నీకు తెలియాలి కదా."

మాట మృదువుగానే ఉంది. అందుకే ఎక్కువ తగిలింది. మొక్కనైతే తీసుకెళ్లండి అన్నాడు. ఇంత చలిలో ఎక్కడికి తీసుకుపోతానని అడిగింది. మార్చి దాకా ఉండనీ అంది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, ఆ మూడూ పీకేస్తే దీనికి చోటు ఎక్కువ దొరుకుతుందని కూడా చెప్పింది.

అతను నోరు తెరిచాడు. కాదనడం అలవాటు లేని నోరు అది.

సాయంత్రం మూడు మొక్కలూ కోశాడు. పూల గుత్తులు తడి దూదిలా తెరలో ముడుచుకున్నాయి. ఒక్కటీ పనికిరాదు. నల్ల సంచిలో కుక్కి కిందికి తీసుకెళ్లి, చెత్తడబ్బాలో వేసి మూత వేశాడు. కుండీలు కెల్లర్‌లో పెట్టాడు. గది గోడలు వేడినీళ్లతో తుడిచాడు. మిగిలింది లైటు, దాని కింద కరివేప.

మర్నాడు ఆదివారం. కూడికలో ప్రార్థన మనవులు చదివే వేళ ఏసుకుమారి లేచింది. వ్యసనం నుంచి ఒక సహోదరుడి విడుదల కోసం ప్రార్థించమంది. పేరు చెప్పలేదు. తలలు తిరిగాయి, ఒకటి తరవాత ఒకటి, అతని వైపు. అందరూ కళ్లు మూసుకున్నారు. రత్నకుమార్ మూసుకోలేదు. తను సోఫా ఇచ్చిన కుర్రాళ్లు, తను బీరువా మోసిన ఇళ్లవాళ్లు అతని కోసం దేవుణ్ని బతిమాలుతున్నారు. హెప్సీ అతని చెయ్యి పట్టుకుంది.

టీ బల్ల దగ్గర ఏసుకుమారి కరివేప పిలకలు పంచుతోంది. పెరుగు డబ్బాల్లో నాటినవి, అదే మొక్కవి, శరదృతువులో వేరు చేసినవి. రత్నకుమార్ ఒక ఆకు తిప్పాడు. ఉన్నాయి. ఇంకో డబ్బాలో తిప్పాడు. ఉన్నాయి.

"ఇవి పంచకండక్కా" అన్నాడు. గొంతు పెద్దదైంది. హాలు సద్దుమణిగింది.

"ముందు నీ సంగతి చూసుకో తమ్ముడూ" అంది ఆమె. ఎవరో నవ్వారు. డబ్బాలు చేతులు మారాయి. కూడిక పెద్ద రవీంద్రనాథ్ గారు వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసి, అంతా ప్రభువు చూసుకుంటాడన్నారు. ఆయన రెండో చేతిలో కూడా ఒక డబ్బా ఉంది.

అతను కోటు తొడుక్కుంటుంటే ఏసుకుమారి వెనక నుంచి పిలిచింది.

"ఆ మూడూ పీకేశావంట, హెప్సీ చెప్పింది. నా మొక్కకి నీళ్లు పోస్తున్నావా?"

పోస్తున్నానన్నాడు. ఆ మాట నోట్లోంచి వచ్చాక దాన్నే నములుకుంటూ ఇంటికి వచ్చాడు. దారిలో స్టేషన్ మెట్ల దగ్గర, విడుదల అంట, అన్నాడు హెప్సీతో.

మర్నాడు పొద్దున్నే ల్యాబ్‌కు ఫోన్ చేసి ఆలస్యంగా వస్తానని చెప్పాడు. కరివేపను స్నానాల గదిలోకి మోసుకెళ్లి టబ్బులో పెట్టాడు. మొక్క మీద అతనికి కోపం లేదు. ఒక్కో ఆకూ తిప్పి గోరువెచ్చటి నీళ్లతో కడిగాడు. కింది కొమ్మల్లో పాత తెరను వేలితో చుట్టి తీశాడు. ఆరనిచ్చి, నైటీ తొడిగి, మెడ దగ్గర ముడి వేశాడు. ఎస్-బాన్‌లో కుండీని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఎదురు సీట్లో పెద్దావిడ నైటీ వైపు చూసింది, అతని మొహం వైపు చూసింది, కిటికీ వైపు తిరిగింది.

బెల్లు కొట్టాడు. ఏసుకుమారి తలుపు తీసింది.

"అప్పుడే మార్చి వచ్చిందా తమ్ముడూ?"

"రాలేదక్కా. నా గదిలో చోటు లేదు."

గది ఖాళీ అని ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసని అతనికి తెలుసు. ఆమె ఇంకేదో అనబోయే లోపల కుండీ ఆమె చేతుల్లో పెట్టి మెట్లు దిగాడు.